కలియుగభీముడు: కోడి రామమూర్తి నాయుడు

మా తునిలో అరువదియేండ్లు దాటినవారిని కోడి రామమూర్తి ఎవరని అడిగినచో, "ఏనుగును రొమ్ముమీద నిలిపినవాడు" అని తడుముకొనక చెప్పుదురు. మరియేమైన చెప్పుడనిన, "ఇనుపగొలుసులు తెంచెను, కారులను ఆపెను" అందురు. అంతటితో సరి. ఒక మహాబలుని యరువదియేండ్ల జీవితము మన నోళ్లలో మూడు వాక్యములై నిలిచినది. ఈ దినము నేను మీకు చెప్పబోవునదియు ఆ ఏనుగు కథయే. కాని ఏనుగు రొమ్ముపై కెక్కుటకు ముందేమి జరిగెను, దిగిన పిమ్మట ఏమి జరిగెను అనునదే నాకు ముఖ్యము. ఇట్లు చెప్పుటకు నాకొక కారణము కలదు. అది నా తప్పిదమునకు సంబంధించినది. కావున దానితోనే ఆరంభింతును.

మా మాతామహులు తమ బాల్యమున రామమూర్తిగారి సర్కసును కన్నులార చూచితిమని చెప్పెడివారు. పెద్ద డేరా, గ్యాసుదీపములు, బాజాభజంత్రీలు, నేలమీద పరుండిన ఎఱ్ఱని దేహచ్ఛాయగల పురుషుడు, ఆయన రొమ్ముపై బల్ల, బల్లపై ఏనుగు. ఈ దృశ్యమును ఆయన నాకు ఎన్ని మారులు వర్ణించిరో లెక్కలేదు. ఒకమారు చెప్పినపుడు ఏనుగు పది లెక్కించునంతసేపు నిలిచెడిది. మరియొకమారు నూరు లెక్కించునంతసేపు నిలిచెడిది. నేను పెరిగినకొలదియు ఆ ఏనుగును పెరిగినది. అయినను ఆయన అసత్యము చెప్పినారని నేనొప్పను. చిన్ననాట చూచిన యద్భుతము మనసులో నిలుకడగా నుండదు; మనతోపాటు తానును పెరుగును.

పిమ్మట నేను పండితశిక్షణము పొంది, 1984 ప్రాంతమున ఒక పల్లెటూరి ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడుగా ప్రవేశించితిని. ఒకనాడు భారతమున భీముని కథ చెప్పుచు, ప్రసంగవశమున మన కాలమునకు దగ్గరివాడైన ఈ కలియుగభీముని కథయు చెప్పితిని. తాతగారి ఏనుగునకు నేనును మరికొంత ఎత్తు కలిపితిని. బాలురు నోళ్లు తెఱచి వినిరి. నాకు మిక్కిలి సంతోషమాయెను. ఆ సంతోషము రెండు దినములే నిలిచినది. మూడవనాడు పదమూడేండ్ల బాలుడొకడు కళ్లములో వెల్లకిల పరుండి, రొమ్ముపై పాత తలుపురెక్క వేయించుకొని, స్నేహితులచేత దానిమీదుగా ఖాళీ బండిని నడిపించుకొనెను. రెండు ప్రక్కటెముకలు విఱిగినవి. దైవానుగ్రహమున ప్రాణము దక్కెను. నెలదినములకు పైగా మంచము పట్టెను.

నేను పరామర్శకు వెళ్లితిని. బాలుని తండ్రి వ్యవసాయదారుడు, మితభాషి. నాకు నులకమంచము వాల్చి, మంచినీళ్లిచ్చి, చాలసేపు మౌనముగా నుండి, తుద కిట్లనెను: "మేష్టారండీ, ఆయన ఏనుగుని మోసేడని చెప్పేరంట. ఎలా మోసేడో కూడా చెప్పేరాండి?"

ఆ మాటలో నింద లేదు. అందుచేతనే అది నన్ను మిక్కిలి బాధించినది. నేను చెప్పలేదు. చెప్పుటకు నాకు తెలియదు. తెలియని విషయమును తెలిసినట్లు చెప్పితిని. ఆనాటినుండి కోడి రామమూర్తిగారి జీవితమును గుఱించి చదువుట, విచారించుట నాకు వ్రతమైనది. ఆ రైతు ప్రశ్నకు నాకు దొరకిన సమాధానమే ఈ ప్రసంగము.

రామమూర్తి నాయుడుగారి జన్మస్థలము వీరఘట్టము. ఆ గ్రామము చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. ఆయన 1880 దాటిన రెండు మూడేండ్లలో జన్మించిరి. తండ్రి పేరు వెంకన్ననాయుడు. తల్లి బాల్యముననే గతించెను. తల్లిలేని పిల్లవాడు, చదువుపై కంటె ఆటలపై మక్కువ మెండు. ప్రతిదినము వేకువజామున ఊరిచెంతనున్న చెరువు కడకు పోయి కసరత్తు చేసెడివాడట. తండ్రి యాతనిని విజయనగరమున పోలీసు ఉద్యోగములో నున్న తమ్ముడు నారాయణస్వామిగారి యింటికి పంపెను. చదువు వచ్చునని పంపగా, అచ్చట మఱియొక చదువు అబ్బినది.

ఆనాటి విజయనగరమెట్టిదో మీకు చెప్పనక్కరలేదు. ఒక వీధిలో సంస్కృతపాఠము, ఒక వీధిలో సంగీతము, ఒక వీధిలో నాటకము. ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథలు, గురజాడవారి రచనలు వర్ధిల్లిన కాలమది. వానితోపాటు తాలింఖానాలును ఉండెడివి. ఈ తరము బాలురకు ఆ మాట తెలియదు. తాలింఖానా యనగా సాము నేర్పు స్థలము. మధ్యను మెత్తనిమట్టి పోసిన గోదా. గోడవారగా గదలు, రాతిగుండ్లు. ఒక మూల ఆంజనేయస్వామి పటము. అన్నిటికి పైన వస్తాదు. వస్తాదు మాట వేదవాక్యము. క్రొత్తగా చేరిన పిల్లవానిచే తొలుత గోదా మట్టిని త్రవ్వించుదురు. అదియే మొదటి పాఠము. పిమ్మట దండీలు, బస్కీలు. పది తీసినవాడు పదునొకటి తీయుటకు వస్తాదు అనుజ్ఞ కావలెను. ఊపిరి యెప్పుడు పీల్చవలెనో, ఎప్పుడు విడువవలెనో తెలిసినగాని గుండు ముట్టనీయరు. బరువు చేతికి వచ్చుటకు ముందు శ్వాస వశము కావలెను. ఇది ఆ విద్యకు మూలసూత్రము.

రామమూర్తి ఇట్టి వాతావరణమున పెరిగెను. దేహము బలిసెను, మల్లవిద్య అబ్బెను. తరువాత ఆయన చేసిన పని మన కథలలో ఎవరును చెప్పరు. ఆయన మద్రాసు చేరి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామోపాధ్యాయ శిక్షణము పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే డ్రిల్లు మాస్టరుగా పనిచేసెను. పెద్దలారా, ఈ సంగతి తెలిసిననాడు నాకు కలిగిన ఆశ్చర్యము ఏనుగును తలచినపుడైనను కలుగలేదు. మనము సర్కసువానిగా నెఱుగుదుము. ఆయన ముందు బడిపంతులు. వరుసలో పిల్లలను నిలిపి, ఎవనికెంత శక్తియో చూచి, దానికి తగిన వ్యాయామమును చెప్పుట ఆయన వృత్తి. నేను నా బడిలో చేయవలసి యుండి చేయనిపని అదియే.

ఆ కాలమున మన దేశమునకు సర్కసు క్రొత్త. 1880లో మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే మొదటి భారతీయ సర్కసును నెలకొల్పెను. అంతకు ముందు తెల్లవారి సర్కసులే వచ్చెడివి. 1904–05 ప్రాంతమున జర్మను దేశీయుడైన సాండో యను మహాబలుడు మన దేశమునకు వచ్చి ప్రదర్శనములిచ్చెను. ఆయన కండలను చిత్రపటములలో చూచి మన యువకులు ముగ్ధులైరి. బలమనిన ఐరోపావారి సొత్తని, భారతీయుడు బలహీనుడని పాలకులు పలుకుచుండిన దినములవి. అట్టిసమయమున విజయనగరపు డ్రిల్లు మాస్టరు, పొట్టి పంతులుగారను మిత్రుని ప్రోత్సాహమున, తానొక సర్కసు నెలకొల్పెను.

సర్కసు నడపుట గొలుసు తెంచుటకంటె కష్టము. డేరా కావలెను; గుఱ్ఱములు, ఏనుగులు కావలెను; వానికి మేత కావలెను; ఆటగాండ్రకు జీతములు కావలెను. ఇచ్చట మన తునికి సంబంధించిన ముచ్చట యొకటి కలదు. ఆ సంస్థ లేబ్రాయములో నుండగా తుని రాజావారు దానికి చేయూతనిచ్చిరని రామమూర్తిగారి చరిత్ర వ్రాసినవారు పేర్కొనినారు. ఆ చేయూతతో సంస్థ నిలదొక్కుకొని తెలుగుజిల్లాలలో తిరిగినది. 1900 నాటికే రాజమహేంద్రవరము కడ గోదావరిపై హేవలాకు వంతెన పూర్తియై, వాల్తేరునుండి మద్రాసు వఱకు రైలుదారి ఏకమైనది. మన తుని ఆ దారిలోనిదే. డేరాలును, బోనులును, ఏనుగులును రైలుపెట్టెలలో నెక్కి ఊరూరు తిరుగుట దానివలననే సాధ్యమైనది. 1912లో రామమూర్తి సర్కసు మద్రాసు చేరినది. అచ్చటనుండి ఆయన కీర్తి ఉత్తరదేశమునకు ప్రాకినది. కాశీ, కలకత్తాల వారును "ప్రొఫెసర్ రామమూర్తి" అని పిలువసాగిరి. సర్కసు యజమానులను ప్రొఫెసరని పిలుచుట అప్పటి వాడుక. ఈయన విషయమున ఆ పిలుపు అక్షరాల సార్థకము.

ఇక ఆ రైతు ప్రశ్నకు వత్తము. ఎట్లు మోసెను?

మొదట గొలుసు. ఊపిరి విడిచి రొమ్ము ముడుచుకొన్నపుడు గొలుసును చుట్టి బిగింతురు. పిమ్మట మెల్లమెల్లగా గాలి పీల్చి, రొమ్మును, వీపుకండలను ఒక్కమారుగ విప్పవలెను. గొలుసులో బలహీనమైన కొక్కె మొకటి యుండకపోదు. ఆ త్రోపుడంతయు దానిపై పడి అది విచ్చుకొనును. ఇందు కండలతో సమానముగ గాలియు పనిచేయును.

రెండవది కారు. రెండు కారులను రెండు దిక్కులకు కట్టి, నడుమ తాను నిలిచి త్రాళ్లు పట్టుకొనెడివారు. రెండును సమానముగ లాగినపుడు ఒకదాని యీడ్పును మరియొకటి సరిచేయును. మనిషి ఎటును కదలడు. ఆనాటి కారులకు నేటి కారుల శక్తియు లేదు. ఇంతమాత్రమున ఎవడైన పట్టవచ్చునని తలంపరాదు. ఆ లాగుడంతయు ఆయన చేతులగుండ, భుజములగుండ, రొమ్ముగుండ పోవలెను. పిడికిలి సడలినను, భుజపుకీలు సడలినను అంతటితో సరి. యుక్తి భారమును పంచును; లేని బలమును పుట్టింపదు.

మూడవది ఏనుగు. పెరిగిన ఆడయేనుగు రెండున్నర, మూడు టన్నులు తూగును. ఇట్టి ప్రదర్శనములలో రొమ్ముపై మెత్తను, దానిపై పొడవైన దళసరి బల్లను వేయుదురు. ఏనుగు ఒక చివర నెక్కి రెండవ చివర దిగును. ఎక్కునపుడును దిగునపుడును భారములో కొంత నేల మోయును. నడిమికి వచ్చినపుడు మాత్రము పెక్కుపాలు మనిషి మోయవలెను. బల్ల ఆ బరువును ఒకచోట గ్రుచ్చుకొననీయక దేహమంతట పఱచును. ఆ క్షణములలో ఊపిరితిత్తులనిండ గాలి నింపి, కంఠము బిగించి, కడుపుకండలను గట్టిపఱచి యుండవలెను. గాలి నిండిన బంతి కాలిక్రింద నలుగదు. గాలి లేని బంతి చదునైపోవును. అట్లే రొమ్ము లోపలినుండి నిలువవలెను. నేటి బరువులెత్తు క్రీడాకారులును ఎత్తుక్షణమున ఊపిరి బిగబట్టియే నడుమును నిలుపుకొందురు. రామమూర్తిగారు తమ బలమునకు ప్రాణాయామమే మూలమని చెప్పెడివారు. ఆయన శాకాహారి, బ్రహ్మచారి, ఆంజనేయభక్తుడు. మంత్రమహిమ చేత ఏనుగును మోసెనని చెప్పుకొనువారు కలరు. ఆ మాట ఆయన యెన్నో యేండ్ల వేకువజాముల శ్రమను తుడిచివేయును.

నా శిష్యుడు ఏమి చేసెనో ఇప్పుడు చూడుడు. వానికి మెత్త లేదు. పుచ్చిన తలుపురెక్క రొమ్మునకు మధ్యనే వంగినది. బండిచక్రము ఒక్కచోట మోపెను. భయముతో వాడు అరచుటచే ఉన్న గాలియు బయటికి పోయినది. నేను వానికి ఏనుగు నిచ్చితిని. ఊపిరి నీయలేదు.

భారతమున దుర్యోధనుడు విషము పెట్టి నీట త్రోయింపగా, భీముడు నాగలోకము చేరి రసకుండములు త్రాగి పదివేల యేనుగుల బలము పొందెను. అది పురాణము, దేవతాంశగలవారికి చెల్లును. ఈ కలియుగభీమునకు రసకుండము లెవ్వరు నీయలేదు. ఆయన త్రాగినది వీరఘట్టము చెరువునీరు, తీసినది దండీలు. ఆ పోలికను మనము గౌరవముగా చేసితిమి గాని, దానివలన కొంత అన్యాయమును చేసితిమి.

ఆయన పొందిన గౌరవములను గుఱించి చెప్పుకొన్న మాటలు పెక్కులు. పూనాలో లోకమాన్య తిలకుగారు "మల్లమార్తాండ" బిరుదమిచ్చిరనియు, మదనమోహన మాలవీయగారు కాంగ్రెసు మహాసభ సందర్భమున అలహాబాదునకు పిలిపించిరనియు, హైదరాబాదున "జగదేకవీర" యనిరనియు, వైస్రాయి మింటో ప్రభువు తన కారునే ఆపి చూపుమనెననియు, లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శనమిచ్చి "ఇండియన్ హెర్క్యులెస్" అనిపించుకొనెననియు చెప్పుదురు. హెర్క్యులెస్ యవనుల పురాణములలోని మహాబలుడు. వీనిలో ప్రతి మాటకును పత్రము చూపుమనిన కష్టము. కాని ఒక సంగతికి సాక్ష్యము బలముగ కలదు. భీమ భవాని యని వంగదేశమున పేరొందిన మల్లుడు, పందొమ్మిదేండ్ల వయసున ఇల్లు విడిచి వచ్చి రామమూర్తి సర్కసులో చేరెను. దానితో రంగూను, సింగపూరు, జావా దేశములు తిరిగెను. తరువాత తానును ఏనుగును రొమ్ముపై మోసి ప్రసిద్ధుడాయెను. 1922లో ఆయన గతించెను. బిరుదములు ఎందరైన ఇయ్యవచ్చును. తనవంటివానిని మరియొకనిని తీర్చిదిద్దుట గురువునకే తగును.

ఆ కాలమున ప్రపంచమంతట ఒక విచిత్రము జరుగుచుండెను. అమెరికాలో జాక్ జాన్సన్ అను నల్లజాతివాడు 1908 డిసెంబరు 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున టామీ బర్న్స్ అను తెల్లవానిని ముష్టియుద్ధమున ఓడించి, హెవీవెయిట్ తరగతిలో ప్రపంచవిజేత యాయెను. అతని తండ్రియు తల్లియు దాస్యమున పుట్టినవారు. అతనిని ఓడించుటకై పూర్వవిజేతయైన జెఫ్రీస్ అనువానిని విశ్రాంతినుండి లేపి తెచ్చిరి. 1910 జులై 4న రీనో పట్టణమున జాన్సన్ అతనినిగూడ నేలగూల్చెను. ఆ రాత్రి అమెరికా నగరములలో జాతికలహములు చెలరేగి నల్లవారు పలువురు ప్రాణములు కోల్పోయిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో లండనున మన గామా పహిల్వాను పోలండు వీరుడైన జ్బిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడెను. జ్బిస్కో నేలను కఱచుకొని లేవలేదు. మరలిన వారము పోటీకి రాలేదు. గామాకు విజయచిహ్నమైన నడికట్టు నిచ్చిరి.

ఈ మువ్వురిని ఒకచోట నిలిపి చూచిన ఒక సత్యము తోచును. జాన్సన్ పిడికిలితో గెలిచెను, గామా పట్టుతో గెలిచెను, రామమూర్తి ఊపిరితో గెలిచెను. మువ్వురును పరులచే అణచబడిన జాతులలో పుట్టినవారే. తమ జాతిని బలహీనమన్న మాటకు దేహముతో బదులు చెప్పినవారే. అందుచేతనే డేరాలో కూర్చున్న మా తాతగారివంటి బాలురకు ఆ ఏనుగు వట్టి ఏనుగుగా కనబడలేదు. దానిక్రింద నలుగకుండ నిలిచినది తమ మానమే యని తోచెను. ఆ ఏనుగు ఏటేట పెరుగుటలో వింత యేమున్నది?

అయితే ఏనుగు దిగిన పిమ్మట ఏమి జరిగెను? ఈ భాగమును మనము బొత్తిగా చెప్పము. ఆయన లక్షలార్జించెననియు, చేతికి ఎముకలేనట్లు దానము చేసెననియు, చివరకు సర్కసును సంపదయు నిలువలేదనియు పెద్దలు చెప్పుదురు. కొంతకాలమునకు కాలిపై రాచపుండు లేచెను. ఎన్ని వైద్యములు చేసినను మానలేదు. తుదకు కాలిని తీసివేయవలసివచ్చెను. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు వలదని, ప్రాణాయామముచే శ్వాసను నిలిపి, బాధను సహించెనని చెప్పుదురు. ఇదియు ఏనుగువలె పెరిగిన కథ యేమో, చెప్పజాలను. కాని కాలు పోవుట నిజము. భూమిపై గట్టిగా నిలుచుటయే వృత్తియైనవానికి ఒక కాలు లేకుండపోయెను. చివరి దినములను ఒరిస్సాలోని బలంగీరులో, పట్నా సంస్థానాధీశుల ఆదరమున గడపి, 1942 జనవరిలో కన్నుమూసెను. పుట్టిన వీరఘట్టమునకు, పేరుతెచ్చిన విజయనగరమునకు దూరముగ, జనసమ్మర్దము లేక, బాజాలు లేక ఆయన జీవితము ముగిసెను.

బాలురకు ఈ భాగమునుకూడ చెప్పవలెనని నా మతము. బలము శాశ్వతమని వారు భ్రమపడరాదు. దేహబలము దాచుకొను ధనము కాదు. ఏ దినమున కా దినము సాధనచే సంపాదించుకొనునది, ఒకనాడు విడిచిపోవునది. విడిచిపోయిననాడు మిగులునది ఓర్పు. రామమూర్తిగారు గోదాలో నేర్చినది ఓర్పే యని వారి తుదిదినములు చూపుచున్నవి.

ఆయన జ్ఞాపకచిహ్నములు నేడును కలవు. విశాఖపట్టణమున సముద్రతీరపు వీథిలో ఆయన విగ్రహమున్నది. శ్రీకాకుళమున ఆటస్థలమునకు ఆయన పేరు పెట్టినారు. కాని నాకు మిక్కిలి ప్రియమైన చిహ్నము ఱాతితో చేసినది కాదు. ఆయన పుట్టిన ప్రాంతమునకు చేరువనే, ఆమదాలవలస కడ ఊసవానిపేట యను పల్లెనుండి కరణం మల్లీశ్వరి యను కన్య బరువులెత్తుట నేర్చి, 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేత యాయెను. 2000 సెప్టెంబరు 19న ఆ సిడ్నీ నగరముననే జరిగిన ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోగ్రాములెత్తి కంచుపతకము పొందెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయవనిత ఆమెయే. జాన్సన్ గెలిచిన నగరమున, తొంబదిరెండేండ్ల తరువాత, మన కళింగాంధ్రపు పడుచు నిలిచినది. ఆమె కథలో మహిమలు లేవు. గురువున్నాడు, వేళ తప్పని సాధన యున్నది, ఎవరెంత ఎత్తిరో కిలోగ్రాములలో లెక్కయున్నది. రామమూర్తిగారి కథను కూడ మనము ఇట్లే చెప్పుకొనియుండిన ఎంత బాగుండెడిది!

మన గ్రామములలో తాలింఖానాలు సన్నగిల్లినవి. గోదాలున్నచోట ఇండ్లు లేచినవి. బాలురు చేతిలోని చిన్నతెరలపై లోకములోని సాహసములన్నియు చూచుచున్నారు. అందు ఏనుగులు మెండు. ఊపిరి గుఱించి చెప్పువారు తక్కువ. నేను 1984లో నోటితో చేసిన తప్పిదమునే ఆ తెరలు ప్రతిదినము చేయుచున్నవి. కావున పెద్దలారా, మీ బాధ్యత పెరిగినదే గాని తరుగలేదు.

రామాయణములో ఒక ఘట్టమును జ్ఞప్తికి తెచ్చి ముగింతును. సముద్రతీరమున వానరులు దిగాలుపడి కూర్చుండిరి. లంకకు ఎగురవలెను. జాంబవంతుడు హనుమంతుని పొగడి ఎగురగొట్టెనని మనము చెప్పుదుము. దానికి ముందు జరిగినది మఱతుము. ఒక్కొక్క వానరుడు తానెంత దూరము ఎగురగలడో లేచి చెప్పెను. ఒకడు పది యోజనములనెను, ఒకడు ఇరువది యనెను. జాంబవంతుడు తానును వృద్ధుడనని, తొంబది యోజనములకు మించి పోజాలనని దాచక చెప్పెను. అంగదుడు నూరు యోజనములు పోగలను గాని తిరిగి రాగలనో లేదో యనెను. అతనిని పంపలేదు. ఎవరి కొలత వారిది తేలిన పిమ్మటనే హనుమంతునికి ఆతని బలమును గుర్తుచేసిరి. బలమును గుర్తుచేయుట పెద్దల ధర్మము. కొలిచి చూచి గుర్తుచేయుట ఆ ధర్మములోని సగపాలు. నేనా సగమును విడిచితిని.

ఆ బాలుడు నేడు నడివయసువాడు, గృహస్థుడు. అప్పుడప్పుడు తుని సంతలో కనబడును. చిఱునవ్వు నవ్వి, రొమ్ము తట్టి చూపి, "గట్టిగానే ఉందండి మేష్టారూ" అనును. వాని కుమారునికి నేనే కోడి రామమూర్తి కథ చెప్పితిని. ఈమారు చెరువుతో మొదలుపెట్టితిని, గోదాలో మట్టి త్రవ్వించితిని, డ్రిల్లు మాస్టరు ఉద్యోగము చేయించితిని, ఊపిరి పీల్పించితిని. ఏనుగు వచ్చుసరికి చాల ప్రొద్దుపోయినది. ఆ పిల్లవాడు నిదురపోలేదు. "రేపు వేకువనే లేపండి తాతగారూ" అని మాత్రము అనెను.